గుంపులో గోవిందా: వెస్టర్న్ స్వింగ్ రిథమ్ గిటార్‌కి సులువు దారులు

సంగీతం వచ్చినవాడన్న పేరు కావాలి, నేర్చుకునే శ్రమ మాత్రం వద్దు అనుకునేవాళ్లకి రిథమ్ గిటార్‌కంటే మంచి వాయిద్యం దొరకదు. టెక్సస్, ఓక్లహోమాల్లో 1930ల నుంచి జనాన్ని ఆడిస్తున్న వెస్టర్న్ స్వింగ్‌లో ముందు వరసలో ఫిడేలు ఉంటుంది. పక్కన స్టీల్ గిటార్. ఆ తర్వాత పియానో, బేస్, డ్రమ్స్, ఒక్కోసారి సాక్సోఫోన్, ట్రంపెట్ కూడా. వీటన్నిటి వెనకాల టోపీ పెట్టుకున్న ఒకాయన ఛక్ ఛక్ ఛక్ ఛక్ అని గిటార్ కొడుతుంటాడు. మన కచేరీలో మృదంగం చేసే పని ఇక్కడ ఆయనది. కాకపోతే మృదంగానికి తని ఆవర్తనం ఉంటుంది, అప్పుడు అందరూ ఆయన్నే చూస్తారు. ఈయనకి ఆ బెడద కూడా లేదు. మీరు కూర్చోవాల్సిన చోటు అదే.

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లకి ఈ చిట్కాలు మరీ అక్కరకొస్తాయి. ఈ సంగీతానికి పుట్టిల్లనదగ్గ ఫోర్ట్ వర్త్ పక్కనే ఉంది. 1931లో అక్కడ ఒక పిండి మిల్లు తన పిండిని రేడియోలో అమ్ముకోవడానికి లైట్ క్రస్ట్ డోబాయ్స్ అనే బ్యాండుని పోషించింది. అందులో ఫిడేలు వాయించిన బాబ్ విల్స్, పాటలు పాడిన మిల్టన్ బ్రౌన్ కొన్నాళ్లకే విడిపోయి ఎవరి బ్యాండ్ వాళ్లు పెట్టుకున్నారు. అంటే ఈ వ్యవహారమంతా గోధుమపిండి ప్రకటనలో మొదలైంది. ఇదేదో తపస్సు అనుకుని బెంబేలెత్తిపోకండి.

1. ముందు టోపీ కొనండి.

గిటార్ సంగతి తర్వాత. ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్‌కి వెళ్లి మంచి ఫెల్ట్ టోపీ, తోలు బూట్లు తీసుకోండి. అక్కడే నాలుగు ఫొటోలు దిగి వాట్సాప్‌లో పెట్టండి. సాయంత్రానికల్లా మీ బంధువర్గంలో సగంమంది మిమ్మల్ని గిటారిస్టు అనేస్తారు. సగం పని అయిపోయింది.

2. గిటార్ మీ తాహతుకి మించినది తీసుకోండి.

గిబ్సన్ సూపర్ 400 అని ఒకటుంది. 1934లో వచ్చింది, అప్పటి ధర 400 డాలర్లు. వెడల్పు 18 అంగుళాలు. ఒళ్లో పెట్టుకుంటే దాని వెనక మనిషి సగం కనపడడు. అంత మేలు చేసే వస్తువుని అప్పు చేసైనా కొనాలి. అది దొరకకపోతే బంగారు రంగు స్ట్రాటోకాస్టర్ చూడండి. బాబ్ విల్స్ బ్యాండులో రిథమ్ వాయించిన ఎల్డన్ షాంబ్లిన్‌కి అలాంటిదే ఒకటి 1954లో ఆ గిటార్ల తయారీదారు లియో ఫెండర్ ఇచ్చాడు. ఎన్నో ఏళ్లు వాయించాక ఇచ్చాడనుకోండి. మీరు వాయిదాల మీద తెచ్చుకుంటే అన్నేళ్లూ కలిసొస్తాయి.

ఖరీదైన గిటార్ వల్ల ఇంకో లాభం ఉంది. ఎవరైనా వాయించమంటే దాన్ని చేతికిచ్చి, బరువు చూడండి, చెక్క చూడండి అనొచ్చు. వాళ్లు చెక్క చూస్తుండగా టైమైపోతుంది.

3. తీగలు వీలైనంత సన్నవి వేయించండి.

పాతకాపులు ఈ సంగీతానికి లావు తీగలు వాడతారు. తీగలు గిటార్ మెడ నుంచి ఎత్తుగా ఉంచుకుంటారు. దెబ్బ గట్టిగా పడుతుందట, నాదం చెక్కలోంచి వస్తుందట. వాళ్ల వేళ్ల కొసలు ఒకసారి చూడండి, కాయలు కాసి ఉంటాయి. మీకెందుకా ఖర్మ? అన్నిటికంటే సన్నని తీగలు వేయించి, మెడకి ఆనేంత కిందికి దించమనండి. ముట్టుకుంటే చాలు మోగుతాయి, మోగుతూనే ఉంటాయి. ఒక్కసారి కొట్టి వదిలేస్తే తర్వాతి మూడు దెబ్బలూ దానంతటవే గడిచిపోతాయి. వేళ్లు పదిలంగా ఉండాలన్నదే నా తాపత్రయం. రేపు ఆఫీసులో కీబోర్డు కొట్టాల్సింది ఆ వేళ్లే.

4. కార్డులు మూడు చాలు.

కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎక్కువమంది చెడిపోయేది ఇక్కడే.

ఎల్డన్ షాంబ్లిన్ ఏం చేసేవాడో చూడండి. పాటలో జి కార్డ్ నాలుగు బార్లు (బార్‌కి నాలుగు దెబ్బలు) ఉందంటే హాయిగా దాని మీద కూర్చోవచ్చు కదా. కూర్చునేవాడు కాదు. ఆ తరహా వాయింపులో రెండేసి దెబ్బలకోసారి చెయ్యి జరుగుతుంది. ముందు జి, తర్వాత బి స్వరం అడుగున పెట్టిన జి, అక్కణ్ణుంచి సి, దాని పక్కనే సి షార్ప్ డిమినిష్డ్, మళ్లీ డి స్వరం అడుగున పెట్టిన జి. అడుగున లావు తీగ మీద ఒక నడక నడుస్తూ ఉంటుంది, పైన కార్డ్ మారుతూ ఉంటుంది, మధ్యలో లయ ఎక్కడా తొణకదు. పాట రాసినవాడు ఒక కార్డ్ చాలన్నచోట ఐదు వాడటం ఏం పద్ధతి? అడుగు స్వరాల నడకకి బేస్ వాయించేవాడు ఒకడున్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

పైగా ఆ కార్డుల ఆకారాలు చూడండి. ఆరు, నాలుగు, మూడో తీగలు మాత్రమే నొక్కాలి, మధ్యలో ఐదో తీగని వేలి అంచుతో తాకి నోరు మూయించాలి. వేలు పెట్టని వదులు తీగ ఒక్కటి కూడా మోగకూడదు. ఇదంతా చేస్తే వినపడేది మూడు స్వరాలు. మీరు మొదటి వారం నేర్చుకున్న జి కార్డ్ ఆరు తీగల మీదా మోగుతుంది. ఆరు ఎక్కువా, మూడు ఎక్కువా? లెక్క తెలిసినవాళ్లకి విడమరచి చెప్పాలా?

కాబట్టి జి, సి, డి. ఇవి చాలు. సిక్స్త్, నైంత్ అని కార్డ్ పేరు పక్కన అంకెలుంటే వాటిని పేజీ నంబర్లనుకుని దాటిపోండి. డిమినిష్డ్ అని కనపడితే ఆ రెండు దెబ్బలూ టోపీ సర్దుకోవడానికి వాడుకోండి. ఈ సంగీతంలో డిమినిష్డ్ తరచూ వస్తుంది కాబట్టి టోపీ కాస్త వదులుగా ఉన్నది కొనమని మొదటే చెప్పాల్సింది.

5. కాపోని మించిన స్నేహితుడు లేడు.

కాపో అంటే తీగలన్నిటినీ ఒక మెట్టు దగ్గర కలిపి నొక్కిపట్టే బిగింపు. ట్రంపెట్, సాక్సోఫోన్ వాళ్లున్న బ్యాండయితే బి ఫ్లాట్ అంటారు, ఇ ఫ్లాట్ అంటారు. గాయకుడి గొంతుని బట్టి ఇంకోటి అంటారు. కాపో మూడో మెట్టు మీద బిగించి మీ జి కార్డే కొట్టండి, బి ఫ్లాట్ అయిపోతుంది. వదులు తీగలు మోగని ఆ మూసిన కార్డులు నేర్చుకున్నవాడు అదే ఆకారాన్ని మెడ మీద జరుపుకుంటూ ఏ శ్రుతికైనా పోగలడు. పోనివ్వండి. మీకు మాత్రం పాటకీ పాటకీ మధ్య కాపో వెతుక్కునే తీరిక దొరుకుతుంది. జేబులో, కేసులో, కారులో నెమ్మదిగా వెతకండి. చాలాసార్లు మీరు తిరిగొచ్చేసరికి ఒక పాట అయిపోయి ఉంటుంది.

6. ఎడమ చెయ్యి ఎత్తకండి.

ఈ శైలి గుట్టంతా ఎడమ చేతిలో ఉందంటారు. కుడిచేత్తో కొట్టిన మరుక్షణం ఎడమచేతి వేళ్లు తీగల మీదే ఉంచి పట్టు సడలించాలి. నాదం తెగుతుంది. ఆ తెగడమే ఛక్. ఒక్క నిమిషం పాటలో నొక్కడం, సడలించడం, నొక్కడం, సడలించడం వందలసార్లు జరుగుతుంది. ఇది సంగీతమా, కూలిపనా? ఒకసారి నొక్కి అలాగే ఉంచేయండి. మోత ఒకదాని మీద ఒకటి పడి గదంతా నిండుతుంది. ఫిడేలు వినపడట్లేదని ఎవరైనా అంటే ఫిడేలు ఆయన్ని గట్టిగా వాయించమనండి.

7. ఒకటి, మూడు దెబ్బల మీద బలం వేయండి.

బార్‌కి నాలుగు దెబ్బలు, నాలుగూ కిందికే. రెండోదీ నాలుగోదీ కొంచెం బిగువుగా పడాలి, నాట్యం చేసేవాళ్ల కాళ్లు దానికే లేస్తాయంటారు. మనకి చిన్నప్పటి నుంచీ చప్పట్లు మొదటి దెబ్బ మీద కొట్టడం అలవాటు. ఈ వయసులో అలవాట్లు మార్చుకుంటే ఆరోగ్యానికి మంచిది కాదు. ఒకటి, మూడు మీదే దంచండి. డ్రమ్స్ వాయించేవాడు రెండు, నాలుగు చూసుకుంటాడు, మీరు మిగిలినవి చూసుకుంటారు. పని సమానంగా పంచుకున్నట్టవుతుంది.

8. వినపడకండి.

న్యూయార్క్ వైపు జాజ్ బ్యాండ్లలో ఫ్రెడ్డీ గ్రీన్ అని ఒకాయన ఉండేవాడు. కౌంట్ బేసీ బ్యాండులో 1937లో చేరి 1987లో చనిపోయేదాకా రిథమ్ గిటారే వాయించాడు. ఆంప్లిఫయర్ లేకుండా, బార్‌కి నాలుగు దెబ్బలు. అంత పెద్ద బ్యాండులో ఆయన గిటార్ విడిగా వినపడటం కష్టం. ఆయన లేకపోతే బ్యాండ్ ఊగదని, ఆయన ఉన్నప్పుడే డ్రమ్సూ బేసూ ఒక్కటవుతాయని తెలిసినవాళ్లు చెప్తారు. ఈ మాటల్లో మనకి పనికొచ్చేది ఒక్కటే. ఆయన వినపడేవాడు కాదు. మీరూ వినపడరు. ఇద్దరికీ తేడా ఎవడు కనిపెట్టగలడు?

ఆంప్లిఫయర్‌లో కేబుల్ గుచ్చి, లైటు వెలిగించి, వాల్యూమ్ సున్నా దగ్గర ఉంచండి. చెయ్యి మాత్రం ఆడించండి. తల ఊపండి. పాట అయ్యాక పక్కవాళ్లకి బాగా కుదిరింది అని మీరే ముందు చెప్పేయండి. ముందు చెప్పినవాడిని ఎవరూ అనుమానించరు.

ఒక్క జాగ్రత్త. డ్రమ్స్ లేని చోటికి పొరపాటున కూడా వెళ్లకండి. టెక్సస్‌లో ఫిడేలు పోటీలుంటాయి. అక్కడ ఫిడేలు వాయించేవాడి పక్కన ఒకటో రెండో గిటార్లు, అంతే. గిటార్ తడబడితే ఫిడేలు కూడా తడబడుతుంది, న్యాయనిర్ణేతలు అది పట్టేస్తారు. మనలాంటివాళ్లకి అది చోటు కాదు. బాబ్ విల్స్ 1935లోనే స్మోకీ డేకస్ అనే డ్రమ్మర్ని పెట్టుకున్నాడు. గ్రామీణ తంత్రీ బ్యాండ్లలో డ్రమ్స్ అప్పటికి వింత. ఆ పుణ్యాత్ముడి ఆలోచన వల్లే మనకింత వెసులుబాటు.

9. పక్కవాడి చెయ్యి చూసి వాయించండి.

ఇంకో గిటార్ ఉన్న బ్యాండులో చేరి, ఆయన ఎడమచెయ్యి కనపడేలా కూర్చోండి. ఆయన మారినప్పుడు మీరు మారండి. ఒక దెబ్బ ఆలస్యమవుతుంది. దాన్ని ఫీల్ అంటారని చెప్పండి. స్వింగ్‌లో ఫీల్ ముఖ్యమని అందరూ ఒప్పుకుంటారు, ఫీల్ అంటే ఏమిటో అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

10. వేగం పెంచుతూ పోండి.

లయని కొలిచే మెట్రోనోమ్ ఫోనులో ఉంటే ఈ రాత్రే తీసేయండి. మీ ఇంట్లో మీకే తప్పులు చూపించే వస్తువు ఎందుకు? ఈ సంగీతం పాలిష్ చేసిన చెక్క నేల మీద జంటలు టూ-స్టెప్ వేయడానికి పుట్టింది. టల్సాలోని కేన్స్ బాల్‌రూమ్‌లో బాబ్ విల్స్ బ్యాండ్ ఏళ్ల తరబడి వాయించింది, అక్కణ్ణుంచే కేవీఓఓ రేడియోలో కార్యక్రమాలు వెళ్లేవి. లయ పాట మొదట్లో ఎలా ఉందో చివర్లోనూ అలాగే ఉండాలని అక్కడ పట్టింపు. దానివల్ల ఎవరికేం ఒరిగింది? మొత్తం పాట పట్టింది. మీరు ప్రతి బార్‌కీ ఒక్కింత తొందరపెడితే మూడు నిమిషాల పాట రెండున్నరలో అయిపోతుంది. పదిహేను పాటలకి ఎంత ఆదా అవుతుందో మీరే గుణించుకోండి.

జంటలు ఒక్కొక్కటిగా నేల దిగి కుర్చీల్లోకి వెళ్తున్నాయా? కంగారు పడకండి. వాళ్లు ఆడటం మానేసి మీ వాయింపు వింటున్నారన్నమాట.

11. లీడర్ కంట పడకండి.

బాబ్ విల్స్‌కి ఒక అలవాటుండేది. పాట మధ్యలో ఫిడేలు కమాను ఎవరివైపు చూపిస్తే వాళ్లు అప్పటికప్పుడు సోలో అందుకోవాలి. పేరు పెట్టి కేకేసేవాడు కూడా. స్టీల్ గిటార్ లియాన్ మెకాలిఫ్, పియానో అల్ స్ట్రిక్లిన్ ఎప్పుడూ సిద్ధంగా ఉండేవాళ్లు. ఇప్పటి బ్యాండ్ లీడర్లు కూడా ఆ పద్ధతి వదల్లేదు. సోలోలు మొదలవగానే వంగి బూటు సవరించుకోండి. బూట్లకి లేసులుండవు కాబట్టి ఎంతసేపయినా సవరించుకోవచ్చు.

12. వినాల్సినవి వినకండి.

1946, 47ల్లో బాబ్ విల్స్ బ్యాండ్ రేడియో స్టేషన్లకి పంపడానికి టిఫనీ ట్రాన్స్‌క్రిప్షన్స్ అని బోలెడు పాటలు రికార్డు చేసింది. మామూలు గ్రామఫోన్ రికార్డు కోసం పాట కుదించాల్సిన పని లేదు కాబట్టి వాద్యగాళ్లు చెయ్యి చాచి వాయించారు. వాటిలో గిటారిస్టు జూనియర్ బార్నార్డ్ సోలోలు వచ్చినప్పుడు మాత్రం సౌండ్ పెంచండి, అవి ఉరుముతాయి. మిగతా సమయమంతా వెనకాల నడుస్తున్న రిథమ్‌ని పట్టించుకోకండి. పట్టించుకున్నారా, ఎప్పుడు చూసినా కార్డ్ ఎక్కడికి కదిలింది, ఎందుకు కదిలిందని ఆలోచిస్తూ ఉంటారు. డ్రైవింగ్ మీద ధ్యాస పోతుంది. నాకు తెలిసినంతలో ఈ జబ్బు పట్టినవాళ్లు ఎవరూ దీన్నుంచి బయటపడలేదు.

13. సాకులు ముందే సిద్ధం చేసుకోండి.

ఆడలేక మద్దెల ఓడు అని పెద్దలన్నారు. దాన్ని ఎగతాళి కింద తీసుకున్నవాళ్లు నష్టపోయారు. అది చక్కటి కార్యక్రమ ప్రణాళిక. డ్రమ్స్ వాయించేవాడు లాగుతున్నాడు. బేస్ శ్రుతి తగ్గింది. ఏసీ గాలికి నా తీగలు బిగుసుకున్నాయి. బయట ఎండకి సడలాయి. ఈ రెండూ ఒకే సాయంత్రం వాడకండి, అనుమానం వస్తుంది.

గురువుకి వేరే సాకులు కావాలి. టెక్సస్‌లో ఉండే గిటార్ మాస్టారికి మన క్యాలెండర్ తెలియదు. అది మన అదృష్టం. వినాయక చవితికి తొమ్మిది రోజులు, బతుకమ్మకి తొమ్మిది రోజులు, దసరా, దీపావళి, కార్తీక సోమవారాలు, సంక్రాంతి మూడు రోజులు. ఇవి అయ్యాక ప్రొడక్షన్ రిలీజ్. అది కూడా అయ్యాక వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్తున్నానని చెప్పండి. స్టాంపింగ్ ఎప్పటికి తెములుతుందో ఎవరూ చెప్పలేరు, మాస్టారు కూడా అడగరు. ఫీజు మాత్రం నెలనెలా కట్టండి. ఫీజు కడుతున్నంతకాలం నేర్చుకుంటున్నట్టే లెక్క, ఇంట్లోవాళ్లు కూడా ఏమీ అనరు.

14. పాటలన్నీ ఒకేలా మొదలుపెట్టండి.

ఎవరైనా ఇంట్రో అడిగితే జి.

15. ఫలితాలు ఎప్పుడొస్తాయి?

ఈ చిట్కాలు నిజాయితీగా పాటిస్తే ఎక్కువకాలం పట్టదు. ముందు బ్యాండువాళ్లు మిమ్మల్ని ఇంకాస్త వెనక్కి జరిపి కూర్చోబెడతారు. అది గౌరవం. తర్వాత ప్రాక్టీసు ఎప్పుడో చెప్పడం మానేస్తారు. మీ తీరికని వాళ్లు గుర్తించారన్నమాట. ఒక శనివారం మీరు వెళ్లేసరికి మీ చోట ఇంకో కుర్రాడు ఉంటాడు. లావు తీగలు, కాయలు కాసిన వేళ్లు, ప్రతి రెండు దెబ్బలకీ జరిగే చెయ్యి. జంటలన్నీ మళ్లీ నేల మీదికి వచ్చేసి ఉంటాయి. ఆ కుర్రాడి మీద జాలిపడి, ఒక చల్లటి డ్రింకు తెచ్చుకుని కూర్చోండి. శనివారం సాయంత్రాలు ఇకనుంచి మీవి. దీనికోసమే కదా ఇంత కష్టపడింది.

16. గిటార్ అమ్మేటప్పుడు.

చాలా తక్కువ వాడినది అని రాయండి. తీగలు కొత్తవే, ఫ్రెట్లు అరగలేదు అని కూడా చేర్చండి, ఇవి మంచి ధర తెస్తాయి. టోపీ అమ్మకండి, ఫొటోలకి పనికొస్తుంది. వచ్చిన డబ్బుతో స్టీల్ గిటార్ చూడండి. దాని మీద ఫ్రెట్లు నొక్కే పనే లేదు, ఉక్కు కడ్డీ ఒకటి తీగల మీద జరిపితే చాలు. నోరూరే సంగతేమిటంటే, లియాన్ మెకాలిఫ్ 1936లో రికార్డు చేసిన స్టీల్ గిటార్ రాగ్ నుంచి ఇప్పటిదాకా ఈ సంగీతంలో అందరి చూపూ ఆ వాయిద్యం మీదే. కొన్న రోజునే కవర్ తీయకుండా ఒక ఫొటో దిగండి.